‘కన్య’కి స్పానిష్‌లో ఒక్క మాట చాలదు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఇస్తున్న స్పానిష్ మాటల పట్టికలో ‘కన్య’కి ఎదురుగా ‘విర్జెన్’ అని ఒక్క మాట వేసి ఊరుకున్నారు. పరీక్షకి బట్టీ పట్టేవాళ్లకి అది సరిపోతుందేమో. కానీ నూనె సీసాల లేబుళ్లు, ఆస్పత్రి కాగితాలు, మన సినిమాల సబ్‌టైటిళ్లు స్పానిష్‌లోకి మార్చే తెలుగువాళ్లు బెంగళూరులో ఉన్నారు. ఆ పనిలో ఈ ఒక్క మాట దగ్గర పడే తప్పులు తక్కువేం కాదు. స్పానిష్ కష్టమై కాదు, తెలుగు నుంచి నేరుగా వెళ్లకుండా దారిలో ఇంగ్లిష్ ‘వర్జిన్’ దగ్గర దిగి బండి మారుతున్నారు, సామాను అక్కడ తారుమారవుతోంది. కొత్త ఉన్నిని మనం కన్య ఉన్ని అనం. గానుగ నూనెని కన్య నూనె అనం. బీడుని బీడు అనే అంటాం. మనం విడివిడిగా పెట్టుకున్న వాటిని ఇంగ్లిష్ ఒకే మూట కడుతుంది. ఆ మూట విప్పకుండా స్పానిష్‌లో దింపితే కొన్నిచోట్ల సరిగ్గా అతుకుతుంది, కొన్నిచోట్ల నవ్వులపాలవుతుంది. ఎక్కడ ఏదన్నది తెలియాలి.

ముందు ఉచ్చారణ. ‘ఎ’, ‘ఇ’ అచ్చుల ముందు వచ్చే ‘జి’ అక్షరం స్పానిష్‌లో మన ‘జ’ కాదు, గొంతులో రాసుకుంటూ వచ్చే ‘హ’. కాబట్టి విర్హెన్. మొదటి అక్షరంలో ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌లో వేరువేరుగా పలికే ‘వి’, ‘బి’ అక్షరాలు స్పానిష్‌లో ఒకే ధ్వని. మాటతోనే వాక్యం మొదలైతే పెదవులు కలిసి ‘బిర్హెన్’ అని వినిపిస్తుంది. ముందు ‘లా’ చేరితే పెదవులు పూర్తిగా కలవవు, అప్పుడు మన ‘వ’కి దగ్గరగా ‘లా విర్హెన్’ అవుతుంది. విన్నవాళ్లు రెండు రకాలుగా రాస్తున్నారంటే ఇద్దరి చెవులూ బాగున్నట్టే.

రాతలో తప్పు ఎక్కువగా బహువచనంలో పడుతుంది. విర్హెన్ అన్న ఏకవచనంలో ఏ అచ్చు మీదా గీత ఉండదు. బహువచనం విర్హెనెస్ అయ్యేసరికి మొదటి అచ్చు మీద వాలుగీత తప్పనిసరి. ‘న్’తో ముగిసే మాటలో ఒత్తు, అంటే నొక్కి పలకడం, చివరి నుంచి రెండో భాగం (సిలబుల్) మీద పడితే గీత అక్కర్లేదు. బహువచనంలో ఒక భాగం పెరిగేసరికి అదే ఒత్తు చివరి నుంచి మూడోది అవుతుంది, అలాంటి ప్రతి మాటకీ గీత పెట్టాల్సిందే. యువకుడు అనే ‘హోవెన్’ హోవెనెస్ అయినప్పుడూ, బొమ్మ అనే ‘ఇమాహెన్’ ఇమాహెనెస్ అయినప్పుడూ జరిగేది ఇదే. లేబుల్ అంతా పెద్ద అక్షరాల్లో ఉంటే గీత వదిలేయొచ్చన్నది పాత అపోహ, పెద్ద అక్షరాలకీ అదే నియమం. ఇక లింగం. స్పానిష్ విశేషణాలు ‘ఓ’, ‘ఆ’లతో మారతాయని మొదటి వారంలోనే నేర్పుతారు కాబట్టి కొత్తవాళ్లు ‘విర్హెనా’ అని ఒకటి పుట్టిస్తారు. అలాంటి మాట లేదు. పుంలింగమైన అడవికీ, స్త్రీలింగమైన ఉన్నికీ, మగవాడికీ, ఆడదానికీ విర్హెన్ ఒక్కటే.

అవును, మగవాడికీ. తెలుగు ‘కన్య’ ఆడపిల్లకే పరిమితం, స్పానిష్ మాట అలా కాదు. ‘ఎస్ విర్హెన్’ అన్న వాక్యం ఒక్కటే ఉంటే మాట్లాడుతున్నది అతని గురించా, ఆమె గురించా తెలియదు. ముందూ వెనకా చదవకుండా ‘ఆమె కన్య’ అని తెలుగు సబ్‌టైటిల్ వేస్తే తెర మీద మీసాలవాడు ఉండొచ్చు.

బెంగళూరులో ఎక్కువ పని నూనెలది, అందుకే దాని గురించి కాస్త వివరంగా. ఆలివ్ నూనె విషయంలో విర్హెన్ అన్నది పొగడ్త కాదు, చట్టం కొలిచి ఇచ్చిన తరగతి. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం 100 గ్రాముల నూనెలో విడి కొవ్వు ఆమ్లం 0.8 గ్రాములకి మించకుండా, రుచి చూసే బృందానికి ఒక్క దోషం కూడా తగలకుండా ఉంటే అది ‘విర్హెన్ ఎక్స్‌త్రా’. ఆమ్లం 2 గ్రాముల లోపు ఉండి, స్వల్ప దోషాలుంటే ఉత్త ‘విర్హెన్’. అది కూడా దాటితే ‘లాంపాంతె’, అంటే దీపాల నూనె. ఒకప్పుడు నిజంగానే దీపాలకి పోసేవాళ్లు. ఇప్పుడు దాన్ని శుద్ధి చేయకుండా దుకాణంలో అమ్మకూడదు.

ఇక్కడ మూడు రకాల తప్పులు పడతాయి. మొదటిది మాటల వరస. ఇంగ్లిష్‌లో ‘ఎక్స్‌ట్రా’ ముందుంటుంది కదా అని ‘ఎక్స్‌త్రా విర్హెన్’ అని రాస్తారు. స్పెయిన్‌కి వెళ్లే సీసా మీద తరగతి పేరు ‘ఆసెయితె దె ఒలీవా విర్హెన్ ఎక్స్‌త్రా’ అనే ఉండాలి. అర్జెంటీనా, చిలీ, మెక్సికోల్లో మాత్రం ఎక్స్‌త్రా ముందున్న సీసాలు మామూలే. కాబట్టి సరుకు ఏ దేశానికి వెళ్తుందో అడగకుండా ఆ రెండు మాటల్ని ముట్టుకోకూడదు. బహువచనంలో విర్హెనెస్ మారుతుంది, ఎక్స్‌త్రా అలాగే ఉండిపోతుంది.

రెండోది ‘ప్యూర్’ అన్న మాట. మన సూపర్‌మార్కెట్లలో ‘ప్యూర్ ఆలివ్ ఆయిల్’ అని ఉంటే అది మేలైనదనుకుని ‘విర్హెన్’ అని మార్చేస్తారు, లేదా ‘పూరో’ అంటారు. సీసాలో సాధారణంగా ఉండేది శుద్ధి చేసిన నూనెకి కొంత విర్హెన్ నూనె కలిపిన మిశ్రమం. యూరప్‌లో దాని పేరు ఏ విశేషణమూ లేని ‘ఆసెయితె దె ఒలీవా’. కింద శుద్ధి చేసిన నూనెలూ విర్హెన్ నూనెలూ మాత్రమే ఉన్నాయని ఒక వాక్యం చేర్చాలి. దాన్ని విర్హెన్ అని రాస్తే అది భాషాదోషంతో పోదు, సరుకుని తప్పుగా చెప్పినట్టు. పిండాక మిగిలిన పిప్పి నుంచి తీసే పొమేస్ నూనె సంగతి వేరు, అది ‘ఆసెయితె దె ఒరూహో దె ఒలీవా’. ఇందులో ‘ఒలీవా’ తీసేయకండి. ఉత్త ఒరూహో అంటే స్పెయిన్ ఉత్తరాన ద్రాక్ష పిప్పితో కాచే సారా గుర్తొస్తుంది.

మూడోది మన గానుగ నూనె. బెంగళూరు వీధివీధినా ఇప్పుడు కట్టె గానుగ దుకాణాలే. ఆ నువ్వుల నూనె, వేరుశనగ నూనె ఎగుమతి చేయాలనుకున్నప్పుడు లేబుల్ మీద ‘విర్హెన్’ వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ విర్హెన్ నూనెనీ చల్లగా పిండిన నూనెనీ విడదీసింది. విర్హెన్ అంటే యంత్రంతో పిండినది, రసాయనాలు తగలనిది. అయితే వేడి చేయడానికి అభ్యంతరం లేదు. వేడి కూడా చేయకుండా పిండినదైతే ‘ప్రెన్సాదో ఎన్ ఫ్రీయో’, అంటే చల్లగా పిండినది. గానుగ నూనెకి సరిగ్గా అతికేది రెండోది. గింజని ముందే వేయించి గానుగలో వేసే దుకాణాలున్నాయి, అక్కడ ఆ మాట వాడటానికి లేదు. అంటే ఏ మాట రాయాలో తేల్చేది నిఘంటువు కాదు, గానుగ దగ్గరి మనిషి. అతన్నే అడగాలి. నువ్వులని స్పెయిన్‌లో ‘సేసమో’ అంటే మెక్సికోలో ‘ఆహోన్‌హోలీ’ అంటారు. వేరుశనగకైతే స్పెయిన్‌లో ‘కకవెతె’, మెక్సికోలో ‘కకవాతె’, దక్షిణ అమెరికాలో చాలాచోట్ల ‘మనీ’. కొబ్బరి నూనె పచ్చి కొబ్బరి నుంచో కొబ్బరిపాల నుంచో రసాయనం లేకుండా తీసినదైతే ‘ఆసెయితె దె కోకో విర్హెన్’ అని ధైర్యంగా రాయొచ్చు. ఎండు కొబ్బరి నుంచి తీసి, రంగూ వాసనా పోగొట్టినదైతే ‘రెఫినాదో’. తేనెకి కూడా ‘మియెల్ విర్హెన్’ ఉంది, పట్టు నుంచి దానంతటది కారిన తేనెకి పాత మాట. లేబుళ్ల మీద ఇప్పుడు పచ్చిది అనే అర్థంలో ‘క్రూదా’ కూడా కనిపిస్తోంది.

వస్తువుల దగ్గర ఒక సూత్రం గుర్తుంటే చాలు. దేన్ని దేనికోసం చేశారో ఆ పనికి ఇంకా ఒక్కసారి కూడా వాడకపోతే అది విర్హెన్. ఏమీ రికార్డు చేయని క్యాసెట్ ‘సింతా విర్హెన్’, ఖాళీ డిస్కు ‘సీడీ విర్హెన్’. రికార్డు చేసి చెరిపేసిన క్యాసెట్ కూడా తెలుగులో ఖాళీదే, స్పానిష్‌లో మాత్రం ‘బొర్రాదా’, చెరిపినది. ఖాళీ చెక్కు, ఖాళీ కాగితం ఈ లెక్కలోకి రావు, అవి ‘ఎన్ బ్లాంకో’, తెల్లగా వదిలినవి. ‘చెకె విర్హెన్’ అంటే బ్యాంకువాడు నవ్వుతాడు. బెంగళూరు పీణ్య ప్లాస్టిక్ కార్ఖానాల్లో ‘వర్జిన్ దానా, రీసైకిల్ దానా’ అంటారే, ఆ వర్జిన్ దానా స్పెయిన్‌కైతే ‘గ్రాన్సా విర్హెన్’, లాటిన్ అమెరికాకైతే ‘రెసీనా విర్హెన్’. ఉన్నిలో ‘లానా విర్హెన్’ అంటే గొర్రె మీద కత్తిరించాక ఇంతకుముందు ఏ బట్టలోకీ వెళ్లనిది. పాత స్వెట్టర్లు చీల్చి మళ్లీ వడికిన ఉన్ని ఎంత మెత్తగా ఉన్నా ఆ మాటకి తగదు, యూరప్‌లో ఇదీ చట్టమే.

అడవిని ‘బోస్కె విర్హెన్’ అనొచ్చు, వానలెక్కువ పడే ఉష్ణమండలపు అడవైతే ‘సెల్వా విర్హెన్’. కర్ణాటకలో జోరువానల ఆగుంబె అడవి గురించి రాస్తూ బోస్కె అంటే చదివేవాడి కళ్లముందు పైన్ చెట్లు నిలబడతాయి. శాస్త్రీయ నివేదికల్లో అడవికి విర్హెన్ వాడరు, ‘బోస్కె ప్రిమారియో’ అంటారు. ఒకసారి కొట్టేశాక మళ్లీ పెరిగినది ‘సెకుందారియో’. భూమి దగ్గర ఇబ్బంది తెలుగు వైపు నుంచే వస్తుంది. మన ‘బీడు’ ఒక్కటే మూడు అర్థాలకి సరిపెడుతుంది. ఎన్నడూ నాగలి తగలని నేల ‘తియెర్రా విర్హెన్’, పనికిరాదని వదిలేసినది ‘బల్దీయో’, ఈ ఏడాది విరామం ఇచ్చినది ‘బర్బేచో’. భూమి పత్రాల్లో బల్దీయోకీ బర్బేచోకీ తేడా తెలియకపోతే సాగులో ఉన్న రైతు పొలం కాగితం మీద వృథా భూమి అయిపోతుంది. తేనెటీగల పెంపకంలో జతకట్టని రాణి ‘రెయినా విర్హెన్’, జతకట్టినది ‘ఫెకుందాదా’. ఇందులో మెలికేమీ లేదు.

మనుషుల దగ్గరికొస్తే, ఆస్పత్రి కాగితాల్లో ఈ మాట అసలు రాయకపోవడమే మంచిది. 2018 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం, యూఎన్ విమెన్ కలిసి కన్యత్వ పరీక్షలు ఆపాలని పిలుపునిచ్చాయి. కన్యత్వం వైద్యశాస్త్రపు పదమే కాదని అందులో స్పష్టంగా చెప్పాయి. కాబట్టి రోగిని అడిగే ప్రశ్న ‘మీరు విర్హెనా?’ అని ఉండకూడదు. ఇంతకుముందు శారీరక సంబంధం ఉందా అన్నదే అడగాలి, దానికి స్పానిష్‌లో ‘ఆ తెనీదో రెలసియోనెస్ సెక్సువాలెస్’ అంటారు. మెక్సికో నుంచి వచ్చే కేసు కాగితాల్లో ఇది ఐ.వి.ఎస్.ఎ. అన్న నాలుగు అక్షరాలుగా కనిపిస్తుంది. ‘ఇనీసియో దె వీదా సెక్సువాల్ ఆక్తీవా’కి పొట్టిరూపం, పక్కన అంకె ఉంటే అది వయసు. చాలామంది దాన్ని ఏదో పరీక్ష పేరనుకుని అలాగే వదిలేస్తారు.

దానికి పక్కనే ఇంకో రెండు మాటలుంటాయి, ‘నులిహెస్తా’, ‘నులీపరా’. మొదటిది ఎన్నడూ గర్భం దాల్చనిది, రెండోది ఎన్నడూ ప్రసవించనిది. గర్భం పోయిన స్త్రీ నులీపరా కావచ్చు, నులిహెస్తా కాదు. ఈ రెంటిలో ఏదీ ‘కన్య’ కాదు. ‘అవివాహిత’ కూడా కన్య కాదు. ఫారంలో పెళ్లి కాలేదు అన్నదానికి ‘సోల్తేరా’ రాసి ఊరుకోవాలి. మందుల ప్రయోగాల పత్రాల్లో మరో వింత ఎదురవుతుంది. ఆ జబ్బుకి ఇంతవరకూ ఏ మందూ వాడని రోగిని కొందరు స్పానిష్ వైద్యులు ‘విర్హెన్ దె త్రతామియెంతో’ అంటారు. డాక్టర్లు డాక్టర్లకి రాసుకునే వ్యాసంలో అది చెల్లుతుంది. రోగి సంతకం పెట్టే అంగీకార పత్రంలో చెల్లదు, అక్కడ ‘సిన్ త్రతామియెంతో ప్రేవియో’, ముందు చికిత్స లేదు, అని రాయాలి. ఇద్దరు పిల్లల తల్లి తన కాగితంలో విర్హెన్ అన్న మాట చూసి ఏమనుకోవాలి?

కథల్లో, సినిమాల్లో మాటల రంగు మారుతుంది. ‘దోన్సేయా’ అంటే పాత కథల్లోని కన్నెపిల్ల. ఫ్రాన్సు వీరనారి జోన్‌ని స్పానిష్‌లో ‘దోన్సేయా దె ఓర్లెయాన్స్’ అంటారు. అదే మాటకి పెద్దింట్లో పనిచేసే అమ్మాయి అనే అర్థం కూడా ఉంది, కాబట్టి ఈ కాలపు అమ్మాయికి వాడితే పనిమనిషిని చేసినట్టవుతుంది. ‘సెన్యోరీతా’ మామూలుగా కుమారి అనే మర్యాద మాట. లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల పాతతరం ఆడవాళ్లు ‘ఇంకా సెన్యోరీతానే’ అంటే గుట్టుగా కన్య అని చెప్పడం. పెద్దావిడ నోట ఆ వాక్యం వింటే ‘ఇంకా పెళ్లి కాలేదు’ అని మాత్రమే రాసి తప్పించుకోకండి. ‘కాస్తా’ శీలవతి, ‘సేలిబె’ పెళ్లి మానుకున్నవాళ్లు. మన బ్రహ్మచారిలో రెండూ కలిసే ఉంటాయి. పెళ్లికాని కుర్రాడైతే ‘సోల్తేరో’, వ్రతం పట్టినవాడైతే సేలిబె. కాస్తా నామవాచకమైనప్పుడు వంశం, జాతి అనే అర్థం వస్తుంది. పోర్చుగీసు వాళ్ల నోట ఇదే మాట మన దేశానికి వచ్చి ఇంగ్లిష్‌లో కులానికి పేరైంది.

దైవం దగ్గర పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా ప్రాణం. పెద్ద అక్షరంతో ‘లా విర్హెన్’ అంటే మరియమాత ఒక్కతే. శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాలో సెప్టెంబరు 8 పండగ గురించి స్పానిష్‌లో రాయాలంటే అదే మాట. మన ఆరోగ్యమాతని మాత అనుంది కదా అని ‘మాద్రె’ చేస్తే అర్థమవుతుంది గానీ వాళ్ల అలవాటు అది కాదు. మనం మాత అనే చోట వాళ్లు ‘నుయెస్త్రా సెన్యోరా’, మా దొరసాని, అంటారు, అందుకే ఆరోగ్యమాత ‘నుయెస్త్రా సెన్యోరా దె లా బుయెనా సలూద్’. ఎక్కువమంది పొరబడేది డిసెంబరు 8 పండగ దగ్గర. ‘ఇన్మాకులాదా కన్సెప్సియోన్’ అంటే కన్య గర్భాన యేసు పడటం అనుకుంటారు. కాదు. మరియమ్మ తన తల్లి కడుపున జన్మపాపం అంటకుండా పడటం, 1854లో పోపు తొమ్మిదో పయస్ విశ్వాస సత్యంగా ప్రకటించింది దాన్నే. యేసు విషయంలో వాడేది ‘కన్సెప్సియోన్ విర్హినాల్’.

బైబిలు వాక్యాలకి సొంత అనువాదం వద్దు. యెషయా 7వ అధ్యాయం 14వ వచనంలో తెలుగు బైబిలు ‘కన్యక గర్భవతియై’ అంటుంది. హీబ్రూ మూలంలోని ‘అల్మా’ యువతి అనే అర్థానికి దగ్గర, గ్రీకు అనువాదం దాన్ని ‘పార్థెనోస్’ అని కన్యగా మార్చింది. స్పానిష్‌లో ఆ తగవు ఇంకా కనిపిస్తుంది. ప్రొటెస్టెంట్లు ఎక్కువగా చదివే రెయినా వలేరా 1960 ప్రతిలో ‘విర్హెన్’ ఉంటే, కాథలిక్కుల జెరూసలేం బైబిలు స్పానిష్ ప్రతిలో ‘దోన్సేయా’ ఉంది. పని ఇచ్చిన సంఘం ఏ ప్రతి చదువుతుందో కనుక్కుని అందులోంచే తీసి పెట్టాలి.

ఇక మన ‘కన్య’లు. పత్రికలో రాశిఫలాలు వేసేవాళ్లకి ముందు చెప్పాల్సింది, కన్యారాశి ‘విర్గో’, విర్హెన్ కాదు. రాశి పేరుకి పెద్ద అక్షరం, ఆ రాశిలో పుట్టిన మనిషికి చిన్న అక్షరం. ‘సోయ్ విర్గో’ అంటే నాది కన్యారాశి, ‘సోయ్ విర్హెన్’ అంటే రాశితో సంబంధం లేని సొంత విషయం. అర్జెంటీనా కుర్రకారు విర్గోని తిట్టుగా కూడా వాడతారు, కాబట్టి వీడియో గేముల సంభాషణల్లో ఆ మాట వస్తే పంచాంగం తీయకండి.

కన్యాదానం సబ్‌టైటిళ్లలో తరచూ కుప్పకూలే చోటు. కన్య విర్హెన్, దానం ‘దొనసియోన్’ అని ముక్కకి ముక్క పెడితే, రక్తదానానికి వాడే మాట పక్కన విర్హెన్ చేరి ఆస్పత్రి పథకంలా తయారవుతుంది. అక్కడ కన్య అంటే కూతురు, అంతే. ‘లా ఎంత్రేగా దె లా ఈహా’, కూతుర్ని అప్పగించడం, స్పానిష్‌లో ఖాళీలతో కలిపి 21 అక్షరాలు, తెర మీద ఒక వరసలో హాయిగా పడుతుంది. శుభలేఖ మీది ‘చి.ల.సౌ.’ని ఎలా మార్చాలని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ‘మా అమ్మాయి’ అనే అర్థంలో ‘నుయెస్త్రా ఈహా’ చాలు. వాసవీ కన్యకా పరమేశ్వరి పేరులో కన్యకని విర్హెన్ చేయకూడదు. వాళ్లు గ్వాదలూపె విర్హెన్, పిలార్ విర్హెన్ అని మరియమాతకే ఊరూరా పేర్లు పెట్టుకున్నారు, అమ్మవారు ఆ వరసలో కలిసిపోతుంది. పేరు అలాగే ఉంచి, వివరణ తప్పనిసరైతే ‘దియోసా దోన్సేయా’ అనండి. కన్యాకుమారికి పాత స్పానిష్ పటాల్లో ‘కొమొరీన్’ అనే పేరుంది, మన ‘కుమారి’యే వాళ్ల నోట అలా అరిగింది. ఇప్పటి రాతలో ఊరి పేరు ఊరి పేరే.

అన్నిటికన్నా తమాషా కన్నె స్వామి. కార్తీకంలో మొదటిసారి మాల వేసుకున్నవాడు కన్నె స్వామి, ఇంట్లో నలుగురు పిల్లలున్నా సరే. ఇతన్ని విర్హెన్ అంటే సన్యాసి అయిపోతాడు. ‘పెరెగ్రీనో ప్రిమెరీసో’, తొలిసారి యాత్రికుడు, సరిగ్గా సరిపోతుంది. ఇదే మాట స్త్రీలింగంలో ‘ప్రిమెరీసా’ అయితే తొలిచూలు తల్లి అనే అర్థం ముందుకొస్తుంది, కాబట్టి మాల వేసుకున్న పెద్దావిడకి ఇది వాడకండి, ‘మొదటిసారి వచ్చారు’ అని వాక్యంగా చెప్పేయండి.

ఇంగ్లిష్‌లో ‘వర్జిన్’, ‘మెయిడెన్’ అని ఉన్నా స్పానిష్‌లో విర్హెన్ రానివి కొన్ని. హోటల్ మెనూల్లోని వర్జిన్ మొజీతో ‘మొహీతో సిన్ ఆల్కోల్’. ఓడ తొలి ప్రయాణం ‘వియాహె ఇనాఉగురాల్’. పెళ్లికి ముందు ఇంటిపేరు ‘ఆపెయీదో దె సోల్తేరా’. ఆటల పేజీలో తొలి టైటిల్ ‘ప్రిమేర్ తీతులో’. కరీబియన్‌లోని వర్జిన్ దీవుల పేరులో మాత్రం మాట నిలిచింది. 1493లో కొలంబస్ సెయింట్ ఉర్సులానీ ఆమె వెంట ఉన్న పదకొండు వేలమంది కన్యల్నీ తలుచుకుని పెట్టిన ‘ఈస్లాస్ విర్హెనెస్’ అవి, బహువచనం కాబట్టి గీత మరవకూడదు. మెజెల్లాన్ 1520లో అదే సాధ్వి పండగ రోజున అర్జెంటీనా కొసన ఉన్న భూశిరం ‘కాబో విర్హెనెస్’కి పేరు పెట్టాడు. జాతీయాల్లో ‘వివాలావిర్హెన్’ అంటే దేనికీ పూచీపడని మనిషి, భక్తుడు కాదు. ‘ఫీయాతె దె లా విర్హెన్ ఇ నో కోర్రాస్’ అని వినిపిస్తే ‘విర్హెన్‌ని నమ్ముకో, పరిగెత్తకు’ అని మక్కికి మక్కి రాయకండి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడం మనకి ఎప్పట్నుంచో ఉంది.

పట్టిక మళ్లీ వేస్తే ‘కన్య’ ఎదురుగా విర్హెన్, విర్గో, దోన్సేయా, ఈహా నాలుగూ, ఒక్కొక్క ఉదాహరణతో వేయమని మనవి. అచ్చులో ఒక జాగ్రత్త కూడా అవసరం. పాత తెలుగు ఫాంట్‌లో పేజీ కడితే, గీత ఉన్న స్పానిష్ అచ్చు ఉండాల్సిన చోట ఏదో తెలుగు గుణింతం ముక్క వచ్చి కూర్చుంటుంది. ప్రూఫు చూసేవాళ్లు అది అచ్చుతప్పనుకుని తీసేస్తారు, గీత కూడా దాంతోపాటే పోతుంది. స్పానిష్ మాట వరకు ఎంచుకుని యూనికోడ్ ఫాంట్ పెట్టమని పేజీలు కట్టేవాళ్లకి ఒక చీటీ జతచేయండి.

ఇట్లు,
స్పానిష్ అనువాదంలో ఉన్న కొందరు తెలుగువాళ్లు,
బెంగళూరు